దాచిన మెనూ కూడా పనిచేస్తుంది: రాణిగంజ్ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కేస్ స్టడీ

క్లయింటు సికింద్రాబాద్‌లోని రాణిగంజ్‌లో పంపులు, మోటార్లు, బేరింగులు అమ్మే హోల్‌సేల్ సంస్థ. కౌంటరు, ఆఫీసు రాణిగంజ్‌లో. గోడౌన్లు బాలానగర్‌లో ఒకటి, జీడిమెట్లలో ఒకటి. బిల్లింగ్, స్టాక్, అకౌంట్స్ అన్నీ ఒకే విన్‌ఫామ్స్ (విండోస్ డెస్క్‌టాప్ ప్రోగ్రాములు రాసే మైక్రోసాఫ్ట్ సరంజామా) అప్లికేషన్‌లో నడుస్తాయి. సీ షార్ప్ భాషలో రాసింది, వెనకాల ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేస్. మొదట ఎవరో రాశారు, తర్వాత ఇంకెవరో అతుకులు వేశారు, చివరికి మెయింటెనెన్స్ అమీర్‌పేటలోని మా చిన్న ఆఫీసుకు వచ్చింది.

ఓనరు గారు అడిగింది వినడానికి చిన్న పనే. గోడౌన్ స్టాఫ్‌కి కొనుగోలు రేట్లు కనిపించకూడదు. ఆ మెనూ ఐటెమ్‌లను పాతవాళ్లు ముందే దాచిపెట్టారు కూడా. అయినా రేట్లు బయటికి పొక్కుతున్నాయని ఆయన అనుమానం. బాలానగర్ గోడౌన్‌కి వెళ్లి అడిగితే, అక్కడ చలాన్లు కొట్టే కుర్రాడు ఏ మొహమాటం లేకుండా చెప్పేశాడు.

"మెనూల కనవడ్తలేదు సార్. గని కంట్రోల్ షిఫ్ట్ పీ కొడితే అస్తది గద."

నిజమే. విన్‌ఫామ్స్‌లో మెనూ ఐటెమ్‌కి విజిబుల్ అనే ప్రాపర్టీని ఫాల్స్ చేస్తే ఆ ఐటెమ్ కంటికి కనిపించదు, అంతే. షార్ట్‌కట్ కీ నొక్కినప్పుడు టూల్‌స్ట్రిప్‌మెనూఐటెమ్ (విన్‌ఫామ్స్‌లో మెనూ ఐటెమ్ క్లాస్) చూసుకునేవి మూడే: ఐటెమ్ ఎనేబుల్ అయి ఉందా, నొక్కిన కీ సరిపోయిందా, దాని కింద సబ్‌మెనూ ఏమైనా ఉందా. కనిపిస్తోందా లేదా అన్న ప్రశ్న అక్కడ లేదు. ఇది బగ్ కూడా కాదు. కావాలనే కొన్ని కమాండ్లను మెనూలో చూపించకుండా షార్ట్‌కట్‌కే వదిలేసే ప్రోగ్రాములు ఉన్నాయి. కాకపోతే దాన్ని సెక్యూరిటీ అనుకోవడం వీధి తలుపుకి తాళం వేసి పెరటి తలుపు బార్లా తీసి పెట్టడమే.

నా అనుభవంలో మెనూని కోడ్‌తో కట్టడం కష్టం కాదు. ఎన్ని అంతస్తులైనా ఓ ఇరవై ముప్పై లైన్ల పని. ఎవరికి ఏది కనపడకూడదు అన్న దగ్గరే అసలు పని మొదలవుతుంది. ఈ కేసులో మా సమయం దాదాపు అంతా దానికే పోయింది.

మెనూ అంతగా ఎందుకు పెరిగింది

పాత మెనూ మొత్తం డిజైనర్‌లో మౌస్‌తో గీసింది. మొదట్లో అది సరిపోయి ఉంటుంది. తర్వాత పన్నులు మారాయి. 2017 జులై 1న జీఎస్టీ వచ్చింది. వ్యాట్ రిపోర్టులు పాత లెక్కల కోసం అలాగే ఉండిపోయాయి, పక్కన జీఎస్టీ అని కొత్త సబ్‌మెనూ చేరింది. 2018 ఏప్రిల్‌లో ఇ-వే బిల్లు మొదలైతే లావాదేవీల కింద ఇంకో కొమ్మ. ఇ-ఇన్‌వాయిస్ 2020 అక్టోబరులో 500 కోట్ల టర్నోవర్ దాటిన కంపెనీలతో మొదలై, 2023 ఆగస్టు 1 నాటికి 5 కోట్లు దాటిన వాళ్ల దాకా దిగింది. అప్పుడు మళ్లీ ఒకటి. ప్రతిసారీ డిజైనర్ తెరవడం, ఐటెమ్ చేర్చడం, బిల్డ్ చేసి మూడు చోట్లా ఉన్న సిస్టమ్‌లన్నిటిలో ఇన్‌స్టాల్ చేయడం. ఎవరికి ఏది దాచాలో చెప్పే కోడు మెయిన్ ఫామ్ (ప్రోగ్రామ్ ప్రధాన విండో) లోడ్ ఈవెంట్‌లో ఇఫ్‌ల మీద ఇఫ్‌లుగా ఉంది.

వీబీ6 (విజువల్ బేసిక్ 6) రోజుల నుంచి ఈ పని చేస్తున్నవాళ్లకి గుర్తుండే ఉంటుంది. అక్కడ రన్‌టైమ్‌లో మెనూ చేర్చాలంటే డిజైన్‌లోనే ఇండెక్స్ 0తో ఒక ఐటెమ్ పెట్టుకుని, కంట్రోల్ అర్రే (ఒకే పేరుతో, నంబర్ల వారీగా ఉండే కంట్రోళ్ల వరుస) ద్వారా మిగతావి లోడ్ చేసేవాళ్లం. అవి కూడా ఆ ఒక్క అంతస్తులోనే చేరేవి. అలా పుట్టిన ఐటెమ్ కింద కొత్త సబ్‌మెనూ వేలాడదీయడం కుదిరేది కాదు. విన్‌ఫామ్స్‌కి ఆధారమైన డాట్‌నెట్ 2.0తో 2005లో వచ్చిన మెనూ బార్ కంట్రోల్ మెనూస్ట్రిప్‌లో ఆ ఇబ్బంది లేదు. ప్రతి ఐటెమ్‌కీ డ్రాప్‌డౌన్‌ఐటెమ్స్ అనే సొంత జాబితా ఉంటుంది, దాంట్లో ఉన్న ఐటెమ్‌లకీ అలాంటి జాబితాలే ఉంటాయి. ఎంత లోతుకైనా దిగొచ్చు.

టేబుల్

మెనూని డేటాబేస్‌లోకి మార్చాం. ఒక్కో ఐటెమ్ ఒక్కో వరుస: దాని నంబరు, దాని పైనున్న ఐటెమ్ నంబరు, పేరు, వరుస క్రమం, తెరవాల్సిన ఫామ్ కీ, షార్ట్‌కట్. రిపోర్టుల కొమ్మ ఇలా ఉంటుంది:

40, పైన ఏమీ లేదు, రిపోర్టులు, ఫామ్ లేదు
41, పైన 40, స్టాక్, ఫామ్ లేదు
42, పైన 41, గోడౌన్ వారీ స్టాక్, కీ: స్టాక్‌గోడౌన్
43, పైన 41, స్టాక్ విలువ, కీ: స్టాక్‌విలువ
44, పైన 40, బాకీలు, ఫామ్ లేదు
45, పైన 44, పార్టీ వారీ బాకీ, కీ: పార్టీబాకీ

ప్రతి అంతస్తుకీ డేటాబేస్‌ని మళ్లీ మళ్లీ అడగాల్సిన పనిలేదు. వరుసలన్నీ ఒక్క క్వెరీతో తెచ్చుకుని, పైనున్న నంబరును కీగా పెట్టి టులుకప్ చేస్తే (కీ వారీగా గుంపులు కడితే) చాలు. డిక్షనరీ నల్ (విలువ లేని) కీని ఒప్పుకోదు, లుకప్ ఒప్పుకుంటుంది. కాబట్టి "పైన ఏమీ లేని" వరుసలు నల్ కీ కిందికి వాటంతటవే చేరతాయి. ఆ తర్వాత ఒక రికర్సివ్ ఫంక్షన్: ఈ నంబరు కింద ఉన్న వరుసలు తీసుకో, ఒక్కోదానికి ఐటెమ్ చెయ్యి, దాని డ్రాప్‌డౌన్‌ఐటెమ్స్ కోసం మళ్లీ నిన్ను నువ్వే పిలుచుకో.

ఎవరైనా టేబుల్‌లో పొరపాటున 41 పైన 42 అనీ, 42 పైన 41 అనీ పెడితే ఏమవుతుంది? మా టీమ్‌లో కొత్తగా చేరిన అబ్బాయి ప్రోగ్రామ్ ఆగకుండా తిరుగుతుందనుకుని ఎక్కడికక్కడ చెక్‌లు పెట్టబోయాడు. నిజానికి అలా తిరగదు. ప్రతి వరుసకీ పైనున్నది ఒక్కటే కాబట్టి, చక్రంలో పడ్డ వరుసలకి మూలంతో లంకె తెగిపోతుంది. పైనుంచి కిందికి దిగే ఫంక్షన్ వాటి దాకా వెళ్లనే వెళ్లదు. ఎర్రర్ రాదు, సబ్‌మెనూ మాత్రం చడీచప్పుడు లేకుండా మాయమవుతుంది. దీనికంటే ఎర్రరే నయం. కింది నుంచి పైకి వెళ్లే కోడ్ సంగతి వేరు. ఫలానా ఫామ్ ఏ మెనూ దారిలో ఉందో టైటిల్‌లో చూపించే ఫంక్షన్ మా దగ్గర ఉంది. దాన్ని రికర్షన్‌తో రాస్తే అదే చక్రంలో స్టాక్ ఓవర్‌ఫ్లో (ఫంక్షన్ తనని తానే పిలుచుకుంటూ దానికిచ్చిన మెమరీ నిండిపోవడం) వస్తుంది. డాట్‌నెట్ 2.0 నుంచి దాన్ని ట్రై-క్యాచ్‌తో పట్టుకోలేం, ప్రోగ్రామ్ అక్కడికక్కడే పోతుంది.

అందుకని చెక్ ఒకే చోట పెట్టాం. పర్మిషన్లు చూడకముందు, మూలం నుంచి దిగి చేరగలిగిన వరుసలెన్ని, టేబుల్‌లో ఉన్నవెన్ని అని పోలుస్తాం. రెండూ కలవకపోతే మిగిలిపోయిన నంబర్లు లాగ్‌లోకి వెళ్తాయి. చక్రాలతో పాటు, పైనున్న వరుసను ఎవరో డిలీట్ చేస్తే అనాథలైన వరుసలు కూడా ఇందులోనే దొరికిపోతాయి.

దాచకుండా ఉండటం

మా నిర్ణయం: ఏ ఐటెమ్‌నీ దాచం. హక్కు లేని ఐటెమ్‌ని అసలు పుట్టించం. ఆబ్జెక్టే లేకపోతే షార్ట్‌కట్ ఎక్కడి నుంచి వస్తుంది?

ఇక్కడ క్రమం ముఖ్యం. పర్మిషన్ పై ఐటెమ్‌కి చూడకూడదు, ఆకుకే (కింద సబ్‌మెనూ లేని చివరి ఐటెమ్‌కే) చూడాలి. ఓనరు గారు గోడౌన్ ఇన్‌చార్జికి "గోడౌన్ వారీ స్టాక్" టిక్ పెట్టి, "స్టాక్", "రిపోర్టులు" టిక్ పెట్టడం మర్చిపోతారు. పైనుంచి వడపోస్తే "రిపోర్టులు" దగ్గరే ఆగిపోయి, ఇచ్చిన హక్కు కూడా అందదు. అందుకే ఫంక్షన్ ముందు పిల్లల్ని కట్టుకుని వస్తుంది. పిల్లలు ఒక్కటీ లేక, సొంత ఫామ్ కీ కూడా లేకపోతే ఆ ఐటెమ్ పుట్టదు. ఒక్క పిల్ల ఉన్నా పైవన్నీ పుడతాయి. ఈ ఒక్క నియమంతో ఖాళీ సబ్‌మెనూల బెడద పోయింది.

పాత కోడ్‌లోనూ ఈ ప్రయత్నం జరిగింది. పిల్లలందరి విజిబుల్ చదివి, అన్నీ ఫాల్స్ అయితే తల్లిని దాచే లూప్ ఒకటి ఉంది. దాన్ని కామెంట్ చేసి పక్కన "పనిచేయట్లేదు, తర్వాత చూడాలి" అని రాసి ఉంది. అది ఎందుకు పనిచేయలేదో తెలుసుకోవాల్సిందే. విజిబుల్‌కి మనం ఇచ్చే విలువ ఒకటి, చదివినప్పుడు అది చెప్పే విలువ ఇంకొకటి. చదివేటప్పుడు అది "ఈ క్షణాన తెర మీద నిజంగా కనిపిస్తోందా" అని చూసి చెబుతుంది. లాగిన్ సమయంలో సబ్‌మెనూలన్నీ మూసే ఉంటాయి కాబట్టి జవాబు ఎప్పుడూ ఫాల్సే. మనం పెట్టిన విలువ కావాలంటే చదవాల్సింది అవైలబుల్ ప్రాపర్టీని. ఈ ఒక్క మాట తెలియక ఎంతమంది ఎన్ని గంటలు పోగొట్టుకున్నారో!

వడపోతతో వచ్చే ఇంకో తంటా గీతలు. మధ్యలో ఐటెమ్‌లు పోతే రెండు సెపరేటర్లు పక్కపక్కనే మిగులుతాయి, లేదా మెనూ గీతతోనే మొదలవుతుంది. సెపరేటర్ కనబడగానే చేర్చకుండా, "గీత బాకీ ఉంది" అని గుర్తు పెట్టుకుని, తర్వాత నిజమైన ఐటెమ్ వస్తేనే, అదీ ముందు ఒకటైనా ఉంటేనే గీత వేస్తాం. ఇది రెండు లైన్ల పని.

మెనూ ఎంత బాగా వడపోసినా ఫామ్ తలుపు దగ్గర కాపలా ఉండాల్సిందే. టూల్‌బార్ బటన్ నుంచి, లెడ్జర్‌లో ఎంట్రీ మీద డబుల్ క్లిక్ నుంచి, ఫంక్షన్ కీల నుంచి కూడా అవే ఫామ్‌లు తెరుచుకుంటాయి. ఫామ్ తెరిచే కోడ్ అంతా ఒకే ఫంక్షన్ గుండా పోయేలా మార్చి, పర్మిషన్ అక్కడ మళ్లీ అడిగాం. కొనుగోలు రేట్లకైతే అదీ చాలదని డేటాబేస్‌లోనే నడిచే స్టోర్డ్ ప్రొసీజర్‌లోనూ చెక్ పెట్టాం.

క్లిక్ అయితే ఏం తెరవాలి

ఫామ్ క్లాస్ పేరునే టేబుల్‌లో రాసి రిఫ్లెక్షన్‌తో (ప్రోగ్రామ్ నడుస్తుండగా పేరుతో క్లాస్‌ని వెతికి) తెరవడం చాలామంది చేసే పని. నాకు నచ్చదు. రేపు ఎవరో క్లాస్ పేరు మార్చితే కంపైలర్ నోరు మెదపదు, కౌంటర్ దగ్గర కస్టమర్ నిలబడి ఉండగా బయటపడుతుంది. మేం కీకి, ఫామ్ చేసే ఫంక్షన్‌కి లంకె వేసే డిక్షనరీని కోడ్‌లోనే ఉంచాం. ప్రోగ్రామ్ మొదలవగానే టేబుల్‌లోని కీలన్నీ డిక్షనరీలో ఉన్నాయో లేదో చూస్తుంది. లేనివి లాగ్‌కి పోతాయి.

ఐటెమ్‌కి ఫామ్ కీని ట్యాగ్‌లో పెట్టి, అన్నిటికీ ఒకే క్లిక్ హ్యాండ్లర్ తగిలించాం. ఫర్ లూప్‌లో ఒక్కో ఐటెమ్‌కి లాంబ్డా (పేరులేని చిన్న ఫంక్షన్) రాస్తే లూప్ వేరియబుల్ ఒకటే కాబట్టి అన్ని మెనూలూ చివరి విలువనే పట్టుకుంటాయి. ఫర్ఈచ్‌లో ఈ గొడవను 2012లో వచ్చిన సీ షార్ప్ 5 తీర్చేసింది గానీ, మామూలు ఫర్‌లో ఇప్పటికీ ఉంది. ఇంకో సంగతి: హ్యాండ్లర్ ఆకులకే తగిలించాలి. పిల్లలున్న ఐటెమ్ మీద నొక్కినా క్లిక్ ఈవెంట్ వస్తుంది.

యూజర్ మారినప్పుడు

రాణిగంజ్ కౌంటర్‌లో ఒకే సిస్టమ్ మీద ఇద్దరు ముగ్గురు మారుతుంటారు. ప్రోగ్రామ్ మూయకుండా "యూజర్ మార్పు" నొక్కి పాస్‌వర్డ్ కొడితే కొత్త మెనూ రావాలి. పాతది తీసేసి కొత్తది కట్టడమే కదా అనిపిస్తుంది.

క్లియర్ అని పిలిస్తే ఐటెమ్‌లు జాబితాలోంచి పోతాయి, డిస్పోజ్ అవవు (పట్టుకున్న విండోస్ వనరుల్ని వదలవు). ఒకసారి తెరుచుకున్న ప్రతి సబ్‌మెనూ వెనక ఒక విండో హ్యాండిల్ ఉంటుంది. వాడని మెమరీని ఊడ్చే గార్బేజ్ కలెక్టర్ ఎప్పుడొస్తుందో దాని ఇష్టం. పొద్దున్నించి రాత్రి దాకా నడిచే సిస్టమ్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి యూజర్ ఆబ్జెక్ట్స్ కాలమ్ పెట్టుకుని చూడండి, అంకె ఎక్కుతూ పోతుంటుంది. విండోస్‌లో ఒక ప్రాసెస్‌కి మామూలుగా ఉండే హద్దు 10,000. కాబట్టి ప్రతి ఐటెమ్‌నీ డిస్పోజ్ చేయాలి. అయితే డిస్పోజ్ అయిన ఐటెమ్ తనంతట తానే జాబితాలోంచి తప్పుకుంటుంది. జాబితా మీదే ఫర్ఈచ్ తిప్పుతూ డిస్పోజ్ చేస్తే జాబితా మధ్యలో మారిపోతుంది. ముందు కాపీ తీసుకుని దాని మీద తిరగాలి, లేదా చివరి నుంచి వెనక్కి రావాలి. పై ఐటెమ్ డిస్పోజ్ అయితే దాని కింద ఆటోమేటిక్‌గా పుట్టిన డ్రాప్‌డౌన్ కూడా దాంతో పాటే పోతుంది.

అసలు చిక్కు "యూజర్ మార్పు" కూడా ఆ మెనూలోనే ఉండటం. దాని క్లిక్ హ్యాండ్లర్‌లోనే మెనూని కూల్చితే, హ్యాండ్లర్ పూర్తయ్యాక విన్‌ఫామ్స్ చేయాల్సిన మిగతా పనికి ఆ ఐటెమే ఉండదు. డిస్పోజ్ అయిన ఆబ్జెక్ట్‌ని వాడుతున్నావని ఎర్రర్ కొడుతుంది, అదీ ఒకసారి వస్తుంది ఒకసారి రాదు. మెనూని మళ్లీ కట్టే పనిని బిగిన్‌ఇన్‌వోక్‌తో మెయిన్ ఫామ్‌కి అప్పగిస్తే, క్లిక్ తతంగం ముగిశాక దాని వంతు వస్తుంది. తర్వాత ఆ ఎర్రర్ మళ్లీ రాలేదు. దీంతోపాటు ఎండీఐ విండోల (మెయిన్ ఫామ్ లోపలే తెరుచుకునే విండోల) జాబితా చూపించే ఐటెమ్‌ని మెనూస్ట్రిప్‌కి కొత్తగా మళ్లీ చెప్పాలి. పాత ఐటెమ్ పోయింది కాబట్టి జాబితా ఖాళీగా కనిపిస్తుంది.

అకౌంట్స్ మేడమ్ వేళ్లు

టెస్టింగ్ రోజు ఆఫీసులో అకౌంట్స్ చూసే మేడమ్ పక్కన కూర్చున్నా. ఆవిడ మెనూ వైపు చూడనే చూడరు. ఎడమచేతిలో వోచర్, కళ్లు దాని మీద. కుడిచేతి వేళ్లు ఆల్ట్, ఆర్, బి, పి. పార్టీ వారీ బాకీ తెరుచుకుంటుంది. మెనూ తెరుచుకోవడం, మూసుకోవడం తెర మీద ఒక మెరుపులా వెళ్లిపోతుంది.

"ఇవి మాత్రం మార్చకండి బాబూ, మళ్లీ మొదట్నుంచి నేర్చుకునే ఓపిక నాకు లేదు" అన్నారు.

మేం అప్పటికి పేరులో మొదటి అక్షరాన్ని బట్టి ఆల్ట్ అక్షరాన్ని కోడే ఎంచుకునేలా రాద్దామనుకుంటున్నాం. ఆ ఆలోచన అక్కడే మానేశాం. యూజర్‌ని బట్టి ఐటెమ్‌లు మారితే అక్షరాలూ మారతాయి. ఒకే సబ్‌మెనూలో రెండింటికి ఒకే అక్షరం పడితే నొక్కినప్పుడు ఏదీ తెరుచుకోదు, ఎంపిక ఒకదాని నుంచి ఇంకోదానికి గెంతుతుంది. చూడకుండా కొట్టేవాళ్లకి అంతకంటే టెన్షన్ ఉండదు. అక్షరాన్ని టేబుల్‌లోనే కాలమ్‌గా పెట్టి, పాత మెనూలో ఉన్నవే దించాం. గోడౌన్ వాళ్ల కోసం పేర్లు తెలుగులో పెట్టినప్పుడు కూడా, జపనీస్ విండోస్ ప్రోగ్రాముల్లో చేసినట్టు, పేరు చివర బ్రాకెట్లో ఇంగ్లిష్ అక్షరాన్ని ఉంచాం. అందరికీ అవే కీలు.

తెలుగు పేర్లకి ఇంకేం గొడవలు రాలేదు, ఒక్కటి తప్ప. కాలమ్ ఎన్‌వర్‌చార్ (యూనికోడ్ అక్షరాలు పట్టే రకం) అయి ఉండాలి, ఇన్‌సర్ట్ స్క్రిప్టులో కొటేషన్ ముందు ఎన్ అక్షరం ఉండాలి. లేకపోతే మెనూ నిండా ప్రశ్నార్థకాలే. ఫాంటు విండోస్ 8 నుంచి ఉన్న నిర్మలా యూఐ వాడాం.

మెనూలో పెట్టకూడనిది

ఓనరు గారికి కోడ్‌తో మెనూ కట్టొచ్చని తెలిశాక ఇంకో కోరిక పుట్టింది. స్టాక్ కింద కంపెనీలు, కంపెనీ కింద మోడళ్లు, మోడల్ మీద నొక్కితే స్టాక్. సాధ్యమే. లాగిన్‌లోనే అన్నీ కట్టకుండా, సబ్‌మెనూ తెరుచుకోబోయే ముందు వచ్చే డ్రాప్‌డౌన్‌ఓపెనింగ్ ఈవెంట్‌లో కట్టొచ్చు. లోపల ఒక్క ఐటెమ్ కూడా లేకపోతే ఆ సబ్‌మెనూ తెరుచుకోదు, బాణం గుర్తు కూడా రాదు. అందుకని ఉత్తుత్తి ఐటెమ్ ఒకటి పెట్టి ఉంచాలి. కంపెనీ పేరులో యాంపర్‌శాండ్ ఉంటే మెనూ దాన్ని ఆల్ట్ అక్షరం గుర్తు అనుకుని మింగేస్తుంది, రెండుసార్లు రాయాలి.

నమూనా చేసి చూపించాం. జాబితా తెర ఎత్తు దాటి, పైనా కిందా స్క్రోల్ బాణాలు వచ్చాయి. పక్క సబ్‌మెనూలోకి మౌస్ ఏటవాలుగా తీసుకెళ్తుంటే దారిలో తగిలిన ఐటెమ్ తెరుచుకుంటుంది. విండోస్‌లో సబ్‌మెనూ తెరుచుకోవడానికి మామూలుగా ఉండే ఆలస్యం 400 మిల్లీసెకన్లు. కొత్తవాళ్ల చేతికి అది చాలదు. ఓనరు గారు తానే రెండుసార్లు ప్రయత్నించి, మౌస్ పక్కన పెట్టి "వద్దులే, వెతుక్కునే బాక్స్ ఇవ్వు" అన్నారు. నా లెక్క కూడా అదే. మెనూలో పనులు ఉండాలి, సరుకు ఉండకూడదు. డ్రాప్‌డౌన్‌ఓపెనింగ్‌ని చివరికి ఒక్క చోటే వాడాం, "ఈమధ్య తెరిచిన బిల్లులు" దగ్గర. అక్కడ ఐటెమ్‌లకి షార్ట్‌కట్‌లు లేవు కాబట్టి సరిపోయింది. సబ్‌మెనూ తెరుచుకున్నాకే పుట్టే ఐటెమ్‌కి షార్ట్‌కట్ ఇస్తే, ఒకసారి మౌస్‌తో తెరిచే దాకా ఆ కీ పనిచేయదు.

ఇప్పుడు ఈ అప్లికేషన్‌ని డాట్‌నెట్ 8కి మార్చే పని నడుస్తోంది. ప్రధాన మెనూ మెనూస్ట్రిప్ కాబట్టి అలాగే వచ్చేసింది. బిల్లు గ్రిడ్‌ల మీద కుడి క్లిక్ మెనూలు మాత్రం మరీ పాత కాంటెక్స్ట్‌మెనూ క్లాస్‌తో రాసినవి. డాట్‌నెట్ కోర్ 3.1లో మెయిన్‌మెనూతో పాటు దాన్ని కూడా తీసేశారు. వాటిని కాంటెక్స్ట్‌మెనూస్ట్రిప్‌లుగా మార్చి, ఇదే టేబుల్ నుంచి ఇదే ఫంక్షన్‌తో కడుతున్నాం. ఫంక్షన్‌కి మెనూస్ట్రిప్ ఇవ్వకుండా ఐటెమ్‌ల జాబితా ఇచ్చేలా రాయడం ఇక్కడ కలిసొచ్చింది. మెనూస్ట్రిప్‌కైనా, సబ్‌మెనూకైనా, కుడి క్లిక్ మెనూకైనా ఆ జాబితా ఒకే రకం. టేబుల్‌లో ఒక కాలమ్ చేరింది: ఈ కొమ్మ ఏ గ్రిడ్‌ది అని.